లెక్కలవాళ్ళ కంటబడిన అగ్నిపర్వతం

ఫొటోగా చూస్తే అది చెడిపోయిన ఫొటో. నల్లటి చీకట్లో తెల్లగా మాడిపోయినట్టున్న ఒక నెలవంక. కాంతి మరీ ఎక్కువ పడడంతో ఒంటి మీది రంగులూ మచ్చలూ అన్నీ కొట్టుకుపోయాయి. అంతకు మూడు రోజుల ముందు అదే నౌక గురుగ్రహపు ఉపగ్రహమైన ఇదే అయోని పసుపు, నారింజ, నలుపు మరకలతో కళ్ళు చెదిరేలా చూపించింది. ఇది మాత్రం ఏ పత్రిక ముఖచిత్రానికీ పనికొచ్చేది కాదు. 1979 మార్చి 8న, గురుగ్రహాన్ని దాటి వెళ్ళిపోతున్న వాయేజర్ 1 వెనక్కి తిరిగి, దాదాపు 45 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన బొమ్మ అది. భూమి మీద కాక మరో చోట అగ్నిపర్వతం విరజిమ్ముతుండగా మనిషి మొదటిసారి చూసింది అందులోనే.

ఖగోళ పుస్తకాలు ఈ సంగతిని ఒకటి రెండు వాక్యాల్లో ముగిస్తాయి. ఒక ఇంజనీరు వేరే పనిలో ఉండగా ఏదో కనిపించింది, గురుడి ఉపగ్రహం మీద అగ్నిపర్వతాలు బయటపడ్డాయి, అంతే. అదృష్టం కలిసొచ్చిందన్న ధోరణి అది. నాకు అలా అనిపించదు. ఆ బొమ్మ వెనక ఉన్న పనినీ, దానికి వారం ముందు అచ్చయిన ఒక మూడు పేజీల వ్యాసంలోని పనినీ దగ్గర్నుంచి చూస్తే, అదృష్టానికి మిగిలే వాటా చాలా కొంచెం. పైగా ఆ రెండు పనులకూ ఒక చుట్టరికం ఉంది. వ్యాసం మొదలైంది ఒక కక్ష్య లెక్కలోంచి. బొమ్మలో అగ్నిపర్వతం బయటపడింది కూడా కక్ష్యలు లెక్కగట్టే బల్ల మీదే. రాళ్ళ శాస్త్రం ఆ తర్వాత వచ్చి కూర్చుంది.

ముందు బొమ్మ సంగతి. దాన్ని అలా మాడ్చింది ఎవరి పొరపాటూ కాదు, కావాలనే మాడ్చారు. అంతరిక్షంలో నౌక ఎక్కడుందో తెలియడానికి మామూలుగా రేడియో సంకేతాలు చాలు. సంకేతం పోయి రావడానికి పట్టే సమయాన్ని బట్టి దూరం, పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టి వేగం తేలతాయి. అయితే అవి భూమి నుంచి కొలిచిన లెక్కలు. గురుడి దగ్గర నౌకకు కావలసింది వేరు: ఈ ఉపగ్రహానికి తాను ఎంత దూరంలో, ఏ దిక్కున ఉంది? ఉపగ్రహాల కక్ష్యలే అప్పటికి కావలసినంత కచ్చితంగా తెలియవు. అందుకని నౌకలోని కెమెరాతోనే ఉపగ్రహాన్ని నక్షత్రాల సరసన నిలబెట్టి ఫొటో తీస్తారు. నక్షత్రాల స్థానాలు పట్టికల్లో ఉన్నాయి, అవి కదలవు. నక్షత్రానికీ ఉపగ్రహ కేంద్రానికీ మధ్య ఎడం కొలిస్తే నౌక చిరునామా, ఉపగ్రహం చిరునామా రెండూ దొరుకుతాయి.

చెప్పినంత తేలిక కాదు. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఒకటి కళ్ళు మిరుమిట్లు గొలిపేది, ఇంకొకటి ఉందో లేదో తెలియనంత మసక. మసక నక్షత్రం పడాలంటే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అప్పుడు ఉపగ్రహం తెల్లగా మాడిపోతుంది. మాడితే మాడనీ అన్నారు నావిగేషన్ వాళ్ళు. వాళ్ళకు దాని అందం అక్కర్లేదు. అంచు గీత సరిగ్గా పడితే చాలు, ఆ వంపును బట్టి కేంద్రం ఎక్కడుందో లెక్క కడతారు.

ఆ కెమెరా ఇప్పటి డిజిటల్ కెమెరా లాంటిది కాదు. పాత టీవీ కెమెరాల్లో ఉండే విడికాన్ గొట్టం. ఒక్కో బొమ్మ 800 వరసలు, వరసకు 800 చుక్కలు, ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు ఒక అంకె. అంటే భూమికి చేరేది బొమ్మ కాదు, 6,40,000 అంకెల మూట. విడికాన్‌కు రోగాలు చాలా. అంచుల దగ్గర బొమ్మను కొంచెం సాగదీస్తుంది. కిందటిసారి చూసినదాని నీడను ఈసారి బొమ్మలోకి మోసుకొస్తుంది. సాగిన మేర తెలుసుకుని సరిచేయడానికి గొట్టం ముఖం మీద ముందే వరసగా చిన్న నల్ల చుక్కలు గుర్తులు పెట్టి ఉంచారు. వాయేజర్ బొమ్మలను సరిచేయకుండా చూస్తే ఆ చుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. తన పనిముట్టు ఎక్కడెక్కడ అబద్ధం చెబుతుందో తెలిసినవాడి చేతిలో అలాంటి కెమెరా కూడా కొలబద్ద అవుతుంది.

మార్చి 9, శుక్రవారం. కాలిఫోర్నియాలోని పాసడీనాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ. నౌక గురుడిని దాటేసింది, పెద్ద సందడి అయిపోయింది, అలసిన శాస్త్రవేత్తలు చాలామంది ఇళ్ళకు బయల్దేరారు. నావిగేషన్ బొమ్మలను కంప్యూటర్ మీద శుద్ధి చేసే వ్యవస్థ బాధ్యత లిండా మొరాబిటోది. వయసు పాతిక దాటలేదు. అయో పక్కనున్న నక్షత్రం సరిగ్గా తేలడం లేదని ఆవిడ బొమ్మలో వెలుగు హెచ్చించారు. ఇక్కడ జరిగిన పనేమిటో కాస్త వివరంగా చెప్పాలి. 0 నుంచి 255 దాకా ఉన్న మెట్లలో అడుగున, చీకటికి దగ్గరగా ఉన్న కొన్ని మెట్లనే తీసుకుని, వాటి మధ్య తేడాను తెర నిండా పరిచేలా చేస్తారు. 3కీ 9కీ మధ్య కంటికి ఆనని తేడా ఇప్పుడు నలుపుకూ బూడిద రంగుకూ మధ్య తేడాలా కనిపిస్తుంది. వెలిగే భాగం ఇంకా మాడిపోతుంది. చీకటి మాత్రం నోరు విప్పుతుంది.

నక్షత్రం తేలింది. దాంతోపాటు అయో వెలిగే అంచుకు అవతల, ఏమీ ఉండకూడని నల్లటి చోట, నెలవంక ఆకారంలో మసక మసకగా ఒక పెద్ద మేఘం కూడా తేలింది.

చాలామంది దగ్గర అది అక్కడితో ఆగిపోయేది. కెమెరా దోషం అని ఒక కాగితం మీద రాసుకుని నక్షత్రం కొలత తీసుకుని ఉండేవాళ్ళు. ఆ రోజు మధ్యాహ్నమంతా మొరాబిటో, స్టీఫెన్ సినాట్, మరికొందరు సహోద్యోగులు చేసిన పనే నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వాళ్ళు మేఘాన్ని కాదనడానికి ఎన్ని దారులుంటే అన్నీ తొక్కి చూశారు.

కెమెరా దోషమా? విడికాన్‌కు ఉన్న దోషాలు వాళ్ళకు తెలుసు, ఇలాంటి ఆకారం వాటి జాబితాలో లేదు. అయో వెనకనుంచి తొంగిచూస్తున్న ఇంకో ఉపగ్రహమా? తెలిసిన ఉపగ్రహాలు ఆ క్షణాన ఎక్కడున్నాయో లెక్క కట్టారు, ఏదీ అక్కడ లేదు. పోనీ, ఇంతవరకు తెలియని ఉపగ్రహమా? ఆ వంపును బట్టి చూస్తే అది అయోతో పోల్చదగ్గంత పెద్దదై ఉండాలి. అంత పెద్దది ఉంటే భూమి మీది దూరదర్శినులకు ఎప్పుడో దొరికేది. సరే, అయోదే అనుకుందాం, దాని వాతావరణంలో తేలుతున్న మబ్బా? అక్కడా పేచీ. మేఘం ఎత్తు కొలిస్తే 250 కిలోమీటర్లు దాటింది. అయోకు చెప్పుకోదగ్గ గాలే లేదు. గాలి లేనిచోట మబ్బు తేలదు. పైకి విసిరితే తప్ప ఏదీ అంత ఎత్తున ఉండదు.

అప్పుడు అసలు కక్ష్యల మనుషులు చేయగలిగిన పని చేశారు. బొమ్మ తీసిన క్షణానికి నౌక ఎక్కడుంది, అయో ఏ ముఖం ఎటు తిప్పి ఉంది అన్నది వాళ్ళకు మిగతా అందరికన్నా బాగా తెలుసు. మేఘం కింద అయో నేల మీద సరిగ్గా ఏ అక్షాంశం, ఏ రేఖాంశం ఉందో గుణించి చూశారు. ముందు రోజుల్లో తీసిన అందమైన రంగుల బొమ్మల్లో ఆ చోటు వెతికితే, హృదయాకారంలో ఒక వింత మరక సరిగ్గా అక్కడే ఉంది. అది చాలదన్నట్టు ఆ ఫొటోలోనే రెండో సాక్ష్యం దొరికింది. అయో మీద పగలూ రాత్రీ కలిసే గీత దగ్గర, నేల చీకట్లో ఉండవలసిన చోట, ఒక వెలుగు మచ్చ. కింద చీకటి, పైన ఎండ: అంటే ఏదో చాలా ఎత్తుకు లేచి ఎండను అందుకుంటోంది. తర్వాతి కాలంలో మొదటిదానికి హవాయి దీవుల అగ్నిదేవత పేరుమీద ‘పెలె’ అనీ, రెండోదానికి ఉత్తర ఐరోపా పురాణాల్లోని ‘లోకి’ అనీ పేర్లొచ్చాయి.

రెండు మూడు రోజులకే వార్త బయటికి వచ్చింది. జూన్ 1 నాటి ‘సైన్స్’ పత్రికలో మొరాబిటో, సినాట్, కుప్ఫర్‌మన్, కాలిన్స్ నలుగురి పేర్లతో వ్యాసం వచ్చింది. ఈలోగా నౌకలోని పరారుణ పరికరం రాసి పంపిన అంకెలను తిరగేస్తే లోకి దగ్గర చుట్టుపక్కల కంటే ఎంతో వేడిగా ఉన్న ప్రదేశం కనబడింది. పాత బొమ్మల అంచులను అందరూ వెలుగు పెంచి మళ్ళీ చూశారు. మొత్తం ఎనిమిది ధూమ స్తంభాలు లెక్కకొచ్చాయి. అన్నీ అంతకుముందే బొమ్మల్లో ఉన్నాయి. ఉపగ్రహాన్ని చూడ్డానికి కూర్చున్నవాళ్ళు ఉపగ్రహాన్నే చూశారు. దాని చుట్టూ ఉన్న చీకటిని చూడవలసిన పని నావిగేషన్ వాళ్ళకొక్కరికే పడింది.

భూవిజ్ఞానుల పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. వాయేజర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అయో మీద మన చంద్రుడి మీద లాగా ఉల్కలు పడిన గుంటలుంటాయని చాలామంది ఎదురుచూశారు. ఒక్కటీ కనబడలేదు. గుంటలు లేవంటే వాటిని ఏదో ఎప్పటికప్పుడు పూడ్చేస్తోందని, ఆ నేల చాలా కొత్తదని వాళ్ళు ఆ వారంలోనే వాదించడం మొదలెట్టారు. భూమి మీది పరిశీలనల్లోనూ సూచనలు పోగుపడే ఉన్నాయి. అయో చుట్టూ సోడియం మేఘం ఉందని 1970లలో తెలిసింది, దాని కక్ష్య పొడవునా గంధకపు అయాన్లు దొరికాయి, 1978లో పరారుణ కాంతిలో అది హఠాత్తుగా వెలిగినట్టు నమోదైంది. ఆ వెలుగుకు నేల మీది వేడి మచ్చ కారణం కావచ్చన్న ఆలోచన వచ్చి కూడా, అంత చలి లోకంలో నమ్మశక్యం కాదని పక్కకు పోయింది.

నమ్మినవాళ్ళు ముగ్గురున్నారు. స్టాంటన్ పీల్, పాట్రిక్ కాసెన్, రే రెనాల్డ్స్. మార్చి 2న, అంటే మొరాబిటో ఆ మేఘాన్ని చూడడానికి సరిగ్గా వారం ముందు, ‘సైన్స్’లో వాళ్ళ చిన్న వ్యాసం అచ్చయింది. అయో లోపల చాలా భాగం కరిగిపోయి ఉండాలనీ, ఆ జాడలు వాయేజర్ పంపబోయే బొమ్మల్లో కనిపించవచ్చనీ అందులో రాశారు. శాస్త్రంలో భవిష్యత్తు చెప్పడం అరుదు కాదు. వారంలో తేలిపోయే భవిష్యత్తు చెప్పి, పేరు పెట్టి అచ్చేయించుకోవడం మాత్రం గుండె నిబ్బరం ఉన్నవాళ్ళ పని.

ఆ వ్యాసం మొత్తం 0.004 అనే ఒక అంకె మీద నిలబడింది. అయో కక్ష్య పూర్తి వృత్తం కాదు, అతి కొంచెం కోలగా ఉంది, ఆ కోలతనానికి కొలత అది. కాగితం మీద గీస్తే వృత్తానికీ దానికీ తేడా కంటికి తెలియదు. అయినా గురుడి నుంచి అయో సగటు దూరం 4,22,000 కిలోమీటర్లు కాబట్టి, దగ్గరి చోటుకూ దూరపు చోటుకూ మధ్య దాదాపు 3,400 కిలోమీటర్ల తేడా వస్తుంది. దగ్గరున్నప్పుడు గురుడు గట్టిగా లాగుతాడు, అయో ఆ వైపుకు ఉబ్బుతుంది. దూరం జరిగితే ఉబ్బు తగ్గుతుంది. నలభై రెండున్నర గంటలకొకసారి ఈ తంతు. మన సముద్రంలో నీళ్ళు ఆటుపోట్లకు లేచినట్టు అక్కడ గట్టి నేలే వంద మీటర్ల మేర లేచి దిగుతుంది. రాయి ఇలా వంగి లేస్తూ ఉంటే లోపలి ఒరిపిడికి వేడెక్కుతుంది.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. అసలు మెలిక ఇది: అలాంటి ఒరిపిడి కక్ష్యలోని కోలతనాన్ని అరగదీస్తుంది. కోట్ల ఏళ్ళలో అయో కక్ష్య గుండ్రమైపోయి, వేడి ఎప్పుడో చల్లారిపోయి ఉండాలి. పీల్ వృత్తి కక్ష్యల గతిశాస్త్రం. ఆ కోలతనాన్ని అరగనివ్వకుండా కాపాడుతున్నదెవరో ఆయనకు తెలుసు. అయో గురుణ్ణి నాలుగుసార్లు చుట్టి వచ్చేలోగా దాని పక్క ఉపగ్రహాల్లో యూరోపా రెండుసార్లు, గానిమీడ్ ఒక్కసారి చుడతాయి. ఈ 1, 2, 4 లెక్కను లాప్లాస్ 18వ శతాబ్దంలోనే పట్టి వివరించాడు. అయో, యూరోపా ఒకదానికొకటి ఎదురయ్యేది ప్రతిసారీ కక్ష్యలో ఒకే చోట. ఉయ్యాలను అది వెనక్కొచ్చిన ప్రతిసారీ సరైన క్షణంలో తోస్తున్నట్టు, ఆ చిన్న లాగుళ్ళన్నీ ఒకే దిక్కున పోగుపడి కోలతనాన్ని నిలబెడుతున్నాయి. ఈ వేడికి చివరి పెట్టుబడి గురుడి భ్రమణ శక్తి. అది తరిగేది కాదు అనుకోవచ్చు, అంత పెద్ద ఖజానా.

కాసెన్, రెనాల్డ్స్ చేయి కలిసింది ఇక్కడే. వాళ్ళిద్దరిదీ నాసా ఎయిమ్స్ కేంద్రం, గ్రహాల లోపలి వేడి వాళ్ళ సబ్జెక్టు. గట్టి గోళంతో లెక్క మొదలుపెడితే మొదట నడిమధ్యలో కరుగుతుంది. మధ్య కరిగితే చుట్టూ మిగిలిన పెంకు పలచబడి మరింత వంగుతుంది. మరింత వంగితే మరింత వేడి, మరింత కరుగు. ఒకసారి మొదలైతే ఆగని వ్యవహారం. ఆ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్ళి, అయో మీద అగ్నిపర్వతాలు విస్తారంగా, పదేపదే పేలుతుండవచ్చని రాశారు. తర్వాతి కొలతల్లో అయో నేల నుంచి చదరపు మీటరుకు బయటికొచ్చే వేడి, భూమిలోంచి వచ్చేదానికి పాతిక రెట్లకు పైనే అని తేలింది.

అన్నట్టు, అయోను లెక్కల కోసం వాడుకోవడం కొత్త కాదు. 1610 జనవరిలో గెలీలియోకు కనిపించింది మొదలు అది ఖగోళవేత్తలకు గడియారం. గురుడి నీడలోకి అది దూరే సమయాలు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుండడం చూసి 1676లో ఓలే రోమర్, కాంతికి కూడా ప్రయాణానికి సమయం పడుతుందని నిర్ధారించాడు. మూడు వందల ఏళ్ళు దాన్ని అందరూ ముల్లు లాగానే చూశారు. ఆ ముల్లు నిప్పులు కక్కుతోందని తెలిసింది కూడా గడియారం చూసేవాళ్ళకే.

ఇక ఆ మంటల తీరు. భూమి మీద అగ్నిపర్వతపు పొగ గాలిని తోసుకుంటూ, సుళ్ళు తిరుగుతూ లేస్తుంది. అయో మీద తోసుకోవడానికి గాలి లేదు. గురుత్వం భూమిలో ఐదోవంతు కూడా లేదు. సెకనుకు కిలోమీటరు వేగంతో చిమ్మిన వాయువూ ధూళీ ఎవరూ అడ్డగించకుండా నికార్సైన పరావలయాల్లో లేచి, పది నిమిషాల్లో 300 కిలోమీటర్ల ఎత్తున ఆగి, మరో పది నిమిషాల్లో కిందికి రాలతాయి. అందుకే పెలె మేఘానికి తెరిచిన గొడుగు ఆకారం. రాలిన గంధకం చుట్టూ వెయ్యి కిలోమీటర్లకు పైగా వ్యాసంతో ఎర్రటి వలయం గీసింది. జులైలో వాయేజర్ 2 వెళ్ళేసరికి పెలె ఊరుకుంది, మిగతావి చాలావరకు ఎగజిమ్ముతూనే ఉన్నాయి.

ప్రొమీథియస్ అనే ఇంకొకదాని కథ ఇంకా చిత్రం. 1979కీ గెలీలియో నౌక చూసిన 1996కీ మధ్య దాని ధూమ స్తంభం 80 కిలోమీటర్ల దాకా పడమరకు జరిగింది. అగ్నిపర్వతం నడుస్తుందా? లావా పుట్టే బిలం కదల్లేదు. అందులోంచి పారిన లావా ముందుకు పాకుతూ, నేల మీద పరుచుకున్న సల్ఫర్ డయాక్సైడ్ మంచును ఎక్కడ తాకితే అక్కడ అది ఆవిరై ఎగసిపడుతోంది. కాబట్టి కనిపించే స్తంభం లావా ముందంచుతో పాటు ప్రయాణం చేసింది. సూసన్ కీఫర్ బృందం 2000లో ఇచ్చిన ఈ వివరణ చదివితే, చూసినదానికీ జరిగినదానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో తెలుస్తుంది. అదే ఉపగ్రహం మీద అమిరాని అనే అగ్నిపర్వతం దగ్గర లావా 300 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. మన గడ్డ మీద అంతకు మించింది జరిగింది. దక్కన్ లావా దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చింది. గోదావరికి అటూ ఇటూ కాతేరు, పంగిడి క్వారీల్లో తవ్వుతున్న నల్లరాయి దాని చివరి కొసే.

అయో మీద చోట్లకు అగ్ని, సూర్య, ఉరుము, కమ్మరి దేవతల పేర్లు పెడతారు. ఒకచోటికి మన త్వష్ట పేరు కూడా ఉంది, దేవతల పనివాడి పేరు. 1999 నవంబరులో గెలీలియో నౌక ఆ పక్కగా వెళ్తూ ఫొటో తీస్తే బొమ్మలో కొంతభాగం తెల్లటి చారలుగా చెడిపోయి వచ్చింది. లావా అంత వెలుగుతో మండుతోంది, కెమెరా సెన్సర్‌లోని చుక్కలు నిండి పొర్లి పక్క చుక్కల్లోకి కారాయి. ఆ నౌక పెద్ద యాంటెన్నా 1991లో తెరుచుకోక మొరాయించడంతో ఉన్నదంతా చిన్న యాంటెన్నాతో నత్తనడకన పంపవలసిందే. మళ్ళీ తీసే వీల్లేదు. బృందం ఆ చెడిన చారల్నే పట్టుకుని, కాంతి ఎక్కణ్ణుంచి ఎక్కడికి కారి ఉంటుందో వెనక్కి లెక్క కట్టి అసలు దృశ్యాన్ని కూర్చుకుంది. తేలింది ఏమిటంటే, పాతిక కిలోమీటర్ల పొడవున నేల చీలి, కిలోమీటరుకు పైగా ఎత్తున తెరలాగా లేస్తున్న లావా. 2007 మార్చి 1న ప్లూటోకు పోతున్న న్యూ హొరైజన్స్ అదే త్వష్టను రెండు నిమిషాలకొకటి చొప్పున ఐదు బొమ్మలు తీసింది. వాటిని వరసపెట్టి ఆడిస్తే 330 కిలోమీటర్ల ఎత్తు గొడుగులో ధూళి కదలడం కనిపిస్తుంది. భూమి కాని చోట అగ్నిపర్వతపు విస్ఫోటం కదులుతూ కనిపించిన ఆ ఎనిమిది నిమిషాలను ఇప్పటికీ అప్పుడప్పుడు పెట్టుకుని చూస్తుంటాను.

శుక్రుడి మీద పని ఇంకో తరహాది, అందులో ఓపికే ప్రధానం. అక్కడ అగ్నిపర్వతాలకు కొదవ లేదు, అవి ఇప్పటికీ బతికున్నాయా అన్నదే ప్రశ్న. దట్టమైన మబ్బుల వల్ల మామూలు కెమెరాకు నేల కనిపించదు. 1989లో బయల్దేరిన మెజెల్లాన్ నౌక రేడార్‌తో తడిమి ఆ గ్రహంలో 98 శాతాన్ని పటం గీసింది. ఆ అంకెలు ముప్ఫై ఏళ్ళు భద్రంగా ఉన్నాయి. అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హెరిక్ వాటిని మళ్ళీ తెరిచి, ఒకే చోటును వేర్వేరు నెలల్లో చూసిన రేడార్ బొమ్మలను పక్కపక్కన పెట్టి, ఎక్కడైనా మార్పుందా అని కంటితో వెతికారు. దాదాపు 200 గంటల పని.

కంప్యూటర్‌కు అప్పజెప్పవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు, ఎందుకంటే మెజెల్లాన్ ఒకసారి ఎడమ నుంచి, ఇంకోసారి కుడి నుంచి చూసింది. ఏటవాలుగా పడే రేడార్‌కు ఒకే కొండ రెండు వైపుల నుంచి రెండు కొండల్లా కనిపిస్తుంది. నీడ పడిన చోట వెలుగు, వెలుగు చోట నీడ. మారిన నేలనూ, మారినట్టు కనిపించే నేలనూ వేరు చేయడం అలవాటుపడిన కంటికే సాధ్యం. చివరికి మాట్ మాన్స్ అనే మహా పర్వతం దగ్గర ఒక బిలం దొరికింది. 1991 ఫిబ్రవరిలో అది గుండ్రంగా, 2.2 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఉంది. అక్టోబరు నాటికి 4 చదరపు కిలోమీటర్లకు పెరిగి, ఆకారం చెడి, లోపల అంచుల దాకా లావా నిండినట్టుంది. అక్కడితో వదల్లేదు. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో రేడార్ నిపుణుడు స్కాట్ హెన్స్‌లీ బిలానికి రకరకాల ఆకారాలు కల్పించి, వాటిని రెండో దిక్కు నుంచి రేడార్ చూస్తే ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో గీసి చూశారు. పాత ఆకారం ఏ కోణంలోనూ కొత్త బొమ్మలా కనిపించదని తేలాకే 2023 మార్చిలో ‘సైన్స్’లో ప్రకటించారు. హెరిక్ వెతికింది గ్రహంలో ఒకటిన్నర శాతం మాత్రమే. మరుసటి ఏడాది ఇటలీ పరిశోధకులు అదే మెజెల్లాన్ అంకెల్లోంచి సిఫ్ మాన్స్ వాలు మీద కొత్త లావా పారిన జాడలు చూపించారు.

మళ్ళీ అయో దగ్గరికి. పీల్ బృందం లెక్క గెలిచిన మాట నిజం. కానీ అందులో పలచని పెంకు కింద అంతా కరిగి ఉన్న గోళం ఉంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు, అయో నేల కింద ఉపగ్రహమంతా పరుచుకున్న శిలాద్రవ సముద్రం ఉందని నమ్మినవాళ్ళు తక్కువేమీ కాదు. గెలీలియో నౌక అయస్కాంత కొలతలు కూడా అటే మొగ్గాయి. దీన్ని తేల్చే అవకాశం జూనో నౌకకు దొరికింది. 2023 డిసెంబర్ 30న, 2024 ఫిబ్రవరి 3న అది అయోకు దాదాపు 1,500 కిలోమీటర్ల దగ్గరగా దూసుకుపోయింది. పత్రికల్లో వచ్చినవి కొండలూ, అద్దంలా మెరిసే లోకి లావా చెరువూ. ఆ రెండుసార్లూ జూనో వేగాన్ని రేడియో సంకేతంలోని సూక్ష్మమైన తేడాల ద్వారా కొలుస్తూ కూర్చున్నవాళ్ళు మాత్రం ఒక్క ఫొటో కూడా అడగలేదు. అయో గురుత్వం జూనోను ఎంత లాగిందో దాన్ని బట్టి, గురుడు లాగినప్పుడు అయో ఎంత వంగుతోందో తేల్చారు.

లోపల సముద్రముంటే వంగవలసినంత వంగడం లేదు. ర్యాన్ పార్క్ నాయకత్వంలో 2024 డిసెంబరులో ‘నేచర్’లో వచ్చిన ఫలితం ప్రకారం నేలకు కొద్ది లోతులోనే అయో చుట్టూ పరుచుకున్న శిలాద్రవ సముద్రం లేదు. మధ్యపొర చాలావరకు గట్టిది, అక్కడక్కడ కరిగిన భాగాల్లోంచి ఒక్కో అగ్నిపర్వతానికి దానిదైన సరఫరా అందుతోందని అర్థం చేసుకోవలసి వచ్చింది. ఆ వ్యాసం వెలువడి నెల తిరక్కముందే, డిసెంబర్ 27న జూనోలోని ఇటలీ పరారుణ పరికరం అయో దక్షిణార్ధంలో లక్ష చదరపు కిలోమీటర్ల మేర, తెలంగాణ కన్నా కాస్త చిన్నదైన ప్రాంతమంతా ఒక్కసారిగా మండుతుండగా పట్టుకుంది. అందులో ఒకదానికొకటి దూరంగా ఉన్న బిలాలు ఏకకాలంలో రగిలాయి. వాటి కింద శిలాద్రవపు అరలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయని ఆ పరికరం వాళ్ళు అంటున్నారు. సముద్రం లేదన్న రేడియో లెక్కకూ, విడివిడి బిలాలు కలిసి రగిలిన ఈ దృశ్యానికీ పొంతన కుదిర్చే పని ఇప్పుడు రెండు బృందాల ముందూ ఉంది.